అమావాస్య నాడు నాలుగు నిమిషాలు

ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పనిచేశాను గానీ ఆయన అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరిదో పెళ్ళి ఫోటోలోంచి తల ఒక్కటే కత్తిరించి పెద్దది చేసినట్టున్నారు. పక్కన నిలబడ్డవాళ్ళ కండువా అంచు ఆయన చెవి దగ్గర అలాగే మిగిలిపోయింది. కింద ‘మా సంఘ కుటుంబ సభ్యుడికి కన్నీటి నివాళి’ అని ఎర్రటి అక్షరాలు. అవి చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కుటుంబ సభ్యుడట! ఆ కుటుంబ సభ్యుణ్ణి దొంగని చేసి బయటికి గెంటి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆయన గడప తొక్కినవాడు మా సంఘంలో ఒక్కడు లేడు. నేనూ తొక్కలేదు.

ఫ్లెక్సీ మీద ఆయన పేరు కూడా ఉంది. నేనిక్కడ రాయను. ఆ పేరుని మా సంఘం ఇంతకు ముందొకసారి ఒక కాగితం మీద రాసింది, ‘బాధ్యుడు’ అన్న మాట పక్కన. ఆ కాగితం అడుగున సాక్షుల వరుసలో నా సంతకం ఉంది. అలాంటి చేత్తో ఆ పేరు రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

మాది మంగళగిరిలో నేతపనివాళ్ళ సంఘం. నేను నేతింటి పిల్లనే. మా నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే నేను పక్కన గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతూ పెరిగాను. సంఘంలో నా ఉద్యోగమూ అదే, కాకపోతే కాగితం బదులు కంప్యూటరు. తాతల నాటి నుంచి ఇళ్ళల్లో వస్తున్న చీర అంచుల డిజైన్లని నేతగాళ్ళు మాకు నమ్మి ఇచ్చేవారు. వాళ్ళ అనుమతి లేకుండా ఇంకొకరి కంట పడనివ్వబోమని సంఘం మాటిచ్చింది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. అవన్నీ దాచిన పెద్ద కంప్యూటరుని, అదే సర్వర్‌ని, కనిపెట్టుకుని ఉండడం ఆయన పని.

ఆయనది పామర్రు దగ్గర పల్లె. తండ్రి కాలవ మీద లస్కరుగా చేశాడు. లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించుతూ, ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే ఉద్యోగం. ఆ తండ్రి పొద్దున్నే కర్ర పుచ్చుకుని కాలవగట్టు పొడుగునా పొడుచుకుంటూ నడిచేవాడట, పీత బొరియలు ఎక్కడన్నా ఉన్నాయేమోనని. గండి పడ్డాక ఊరంతా పరిగెత్తుకొస్తుంది గానీ, గండి ముందు పీత బొరియగా ఉన్నప్పుడు చూసేది లస్కరు ఒక్కడేనని ఈయన చెప్పేవాడు. కర్ర లేదు గానీ అలవాటు మాత్రం వచ్చింది. హోటల్లో టీ గ్లాసు పెట్టే ముందు బల్ల కోడు కదిపి చూసేవాడు. బస్సెక్కితే కిటికీ రెక్క ఆడుతుందో లేదో చూసేవాడు. మా ఆఫీసు మెట్లు ఎక్కినా దిగినా రెయిలింగుని ఒకసారి గట్టిగా ఊపి చూడందే అడుగు వేసేవాడు కాదు. “రోజూ ఎక్కే మెట్లే గదా సార్,” అని నేను ఏడిపిస్తే, “రోజూ ఎక్కుతున్నామనేనమ్మా నా భయం,” అనేవాడు.

ఎవర్నీ నువ్వు అనడం రాదు ఆయనకి. టీ తెచ్చే ముసలాయన్నీ, ప్రెసిడెంటు గారినీ, కదలకుండా బిగుసుకుపోయిన కంప్యూటరునీ ఒకే మర్యాదతో పిలిచేవాడు. “లేవండి, చాలాసేపు పడుకున్నారు,” అని మెల్లిగా స్క్రీనుతో చెప్పడం విని మేం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. ఎవరైనా పాస్‌వర్డు కొడుతుంటే తల గోడవైపు తిప్పేసుకునేవాడు. పెదవి కదిపినా పాస్‌వర్డు తెలిసిపోతుందన్నంత జాగ్రత్తగా, ఆఖరి అక్షరం చప్పుడు ఆగేదాకా ఆ గోడమీది క్యాలెండరే చూసేవాడు. చూడొచ్చని చెప్పినా చూసేవాడు కాదు.

ఇక ఆయన పుస్తకం సంగతి. పొడుగాటి రూళ్ళ పుస్తకం, అట్ట చిరిగితే మళ్ళీ అట్ట వేసుకున్నది. సర్వర్ మీద తను ఏ చిన్న పని చేసినా తేదీ, టైము, ఎవరి లాగిన్‌తో చేశాడో, అన్నీ అందులో రాసేవాడు. పెన్సిల్‌తో. ఇంత జాగ్రత్తపరుడు పెన్సిల్‌తో రాయడమేమిటని అడిగాను ఒకసారి.

“నీళ్ళ పక్కన పనిచేసేవాళ్ళు పెన్సిల్‌తోనే రాస్తారమ్మా. తేమకి ఇంకు అలికిపోద్ది. పెన్సిల్ అలకదు.”

“చెరిపెయ్యొచ్చు గదా మరి?”

“తప్పు రాస్తే మీద గీత కొట్టాల. చెరపకూడదు. చెరిపేస్తే ఏం తప్పు చేశామో కూడా మర్చిపోతాం.” నిజంగానే ఆయన పెన్సిల్ చివరనుండే రబ్బరు ఎప్పుడూ కొత్తదిలాగే ఉండేది.

ఏం చెప్పినా చివర ఒక మాట తగిలించేవాడు: “నా మాట నమ్మొద్దండి. మీరే చేసి చూడండి.” కరెంటు ప్లగ్గు గురించైనా అదే మాట, మాగాయలో ఉప్పు గురించైనా అదే మాట. మనుషులు ఎదటివాణ్ణి తమ మాట నమ్మమని బతిమాలుకునే ఈ లోకంలో, నమ్మొద్దని చెప్పుకుంటూ తిరిగిన మనిషి ఆయనొక్కడే నాకు తెలుసు. చివరికి అందరూ ఆయన మాట విన్నారు. నమ్మలేదు.

ఇప్పుడు ప్రెసిడెంటు గారి సంగతి చెప్పాలి. ఆయన దుర్మార్గుడైతే నాకీ కోపం ఇంత కాలం ఉండేది కాదు. నలభై ఏళ్ళు వచ్చేదాకా మగ్గం నేసిన మనిషి, ఎవరింట్లో చావైనా ముందుండే మనిషి. సర్వర్ వచ్చినప్పుడు దాన్ని కొత్త మగ్గంలాగే చూశాడు. ముహూర్తం పెట్టించి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి తన చేత్తో స్విచ్చి నొక్కాడు. అప్పటినుంచి అది ఆగలేదు. చూడ్డానికి ఎవరొచ్చినా ముందు ఆ గది తలుపు తీసి, “ఎక్కించిన రోజు నుంచి ఒక్క గంట ఆగలేదండీ మా సర్వర్,” అని మీసం దువ్వేవాడు. పడుగు దారాలు ఎక్కించాక చీర కోసేదాకా మగ్గం మీంచి దించరు కదా, ఆయన లెక్కలో ఇదీ అంతే. దించితే దారాలు తెగుతాయి.

ఒకరోజు పొద్దున మా సార్ వచ్చీ రాగానే టీ కూడా తాగకుండా స్క్రీను ముందు కూర్చున్నాడు. సర్వర్ నడిచే కెర్నెల్‌లో ఒక లోపం బయటపడిందని ఎక్కడో చదివాడట. నాకు అర్థం కాక, కెర్నెల్ అంటే ఏంటని అడిగాను.

“మా నాన్నండీ,” అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఫైళ్ళన్నీ పొలాలనుకోండమ్మా. మీ పొలంలోకి మీరు వెళ్ళొచ్చు, పక్కోళ్ళ తూము మీద చెయ్యి వెయ్యడానికి లేదు. ఎవరు ఏ తూము ఎత్తాలన్నా ముందు లస్కర్ని అడగాల. ఆ లస్కరే కెర్నెల్. ఇప్పుడు దీంట్లో ఫైళ్ళని ఒక పొర మీద ఇంకో పొరగా పేర్చి చూపించే ఏర్పాటొకటి ఉంది. ఒక పొరలోంచి ఇంకో పొరలోకి ఫైలు దించేటప్పుడు, అది ఎవరిదో, దానికి ఏ అధికారాలు రాసున్నాయో సరిగ్గా చూడకుండా దించేస్తంది. దొంగ చీటీ రాసుకొస్తే మా నాన్న చదవకుండా లాకుల తాళాలన్నీ చేతిలో పెట్టేశాడనుకోండి. అదీ సంగతి.”

“మన దగ్గరికి ఎవరొస్తారు సార్ దొంగ చీటీతో?”

“నా మాట నమ్మొద్దండి. మీ లాగిన్ ఒక్క నిమిషం ఇస్తారా?”

నేను నా పేరు, పాస్‌వర్డు కొట్టాను. ఆయన గోడ చూశాడు. తర్వాత నా కీబోర్డు తీసుకుని, ఎక్కడినుంచో తెచ్చిన చిన్న ప్రోగ్రామొకటి పెట్టాడు. ముందు ‘నేనెవర్ని’ అని కంప్యూటర్ని అడిగించాడు. అది నా లాగిన్ పేరు చెప్పింది. ప్రోగ్రాము నడిపించి మళ్ళీ అదే ప్రశ్న అడిగించాడు. ఈసారి అది ‘రూట్’ అంది. రూట్ అంటే అన్ని తాళాలూ తీయగల పెద్ద పేరు. దాని పాస్‌వర్డు సంఘం మొత్తానికి ఆయన ఒక్కడికే తెలుసు. ఆ పాస్‌వర్డు ఆయన కొట్టలేదు. నేనూ కొట్టలేదు. అయినా నేతగాళ్ళ ఇళ్ళ అంచులు దాచిన ఫోల్డరు, నేను ఎక్కించి ఇచ్చాక నాకు కూడా మూసుకుపోయే ఫోల్డరు, నా లాగిన్ మీంచి బార్లా తెరుచుకుంది. మూడో వరసలో మా నాన్న అంచు ఉంది. మా తాత వేసిన అంచు.

ఆయన వెంటనే మూసేశాడు, ప్రోగ్రాము తుడిచేశాడు, పుస్తకం తీసి తేదీ వేసి టైము వేసి నా లాగిన్ పేరు రాసుకున్నాడు. “నా పేరెందుకు సార్?” అన్నాను. “చేసింది రాయాలమ్మా,” అన్నాడు. మధ్యాహ్నానికల్లా బాగుచేసిన కొత్త కెర్నెల్ ఎక్కించేశాడు కూడా. కానీ సర్వర్‌ని ఒక్కసారి ఆపి మళ్ళీ లేపితేగానీ అది పనిలోకి రాదట. అప్పటిదాకా పాత లస్కరే డ్యూటీలో ఉంటాడు.

ఇద్దరం ప్రెసిడెంటు గారి గదికి వెళ్ళాం. రాతపూర్వకంగా ఉండాలని సార్ చెబుతుంటే అంతకుముందే నేను ఉత్తరం టైపు చేశాను. ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. దాన్ని టైపు చేస్తున్నప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు, కెర్నెల్ భయంలో ఉన్నాను.

“నాలుగు నిమిషాలు పడుద్దండీ,” అని ఆయన మొదలుపెట్టాడు. “ఎవరికీ ఇబ్బంది లేకుండా వచ్చే అమావాస్య నాడు ఆపుతానండీ. ఆ రోజు మగ్గాలన్నీ ఆగుతాయి, ఆఫీసుకీ సెలవే గదా. నేనొక్కణ్ణీ వచ్చి ఆపి లేపుతాను.”

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“అమావాస్య నాడా?”

“అవునండీ.”

“ముహూర్తం పెట్టి ఎక్కించినదాన్ని అమావాస్య నాడు ఆపి, అమావాస్య నాడే మళ్ళీ ఎక్కిస్తావా? మతుండే మాట్లాడుతున్నావా నువ్వు? మగ్గం మీద పడుగు ఉండగా ఎవడన్నా దించుతాడంటయ్యా?”

ఆయన నావైపు చూశాడు. బయటికొచ్చాక, “నేనన్నదాంట్లో తప్పేంటమ్మా?” అని అడిగాడు. చెప్పాను. అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం, నిజమే, కానీ ముట్టకపోవడం ఎందుకంటే ఆ రోజు మంచిది కాదని. ఆయన తల గోక్కున్నాడు. “మా ఇంట్లో అమావాస్యంటే ఆ రోజు చందమామ ఉండడనేనమ్మా తెలుసు,” అన్నాడు. మర్నాడే వెళ్ళి క్షమాపణ చెప్పుకుని, ఏ రోజు మంచిదో మీరే చెప్పండని అడిగాడు. మూఢం నడుస్తోంది, వెళ్ళాక చూద్దాం అన్నారు. అప్పటిదాకా ఆగలేక, లోపం ఉన్న ఆ పొరల ఏర్పాటుకి తాత్కాలికంగా అడ్డుకట్ట వేశాడు. దాంతో మా డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. గంటలో పై నుంచి కబురొచ్చింది, నువ్వు పెట్టిందేదో తీసెయ్ అని. తీసేశాడు. పుస్తకంలో రాసుకున్నాడు.

మూఢం వెళ్ళింది. ఎగ్జిబిషన్ వచ్చింది. ఎగ్జిబిషన్ అయ్యాక ఎవరో పెద్దలు సర్వర్ గది చూడ్డానికి వస్తున్నారు, ఆగని సర్వర్ అని వాళ్ళకి చెప్పి ఉన్నాం, వాళ్ళు వెళ్ళాక చూద్దాం అన్నారు. ఈయన రోజూ పొద్దున ప్రెసిడెంటు గారి తలుపు దగ్గర నిలబడి, “ఇవాళ చూద్దామాండీ?” అని అడిగి వచ్చేవాడు. చివరికి అది మా ఆఫీసులో నవ్వులాటైపోయింది. ఆయన మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు, “ఇవాళ చూద్దామాండీ?” అనేవాళ్ళు. నేనూ నవ్వాను. ఆయన నవ్వినవాళ్ళతో కూడా మర్యాదగా “నవ్వండి, పర్లేదండీ” అనేవాడు.

ఈలోపు ఒక అమావాస్య వెళ్ళింది. సర్వర్ ఆగలేదు గానీ, ప్రతి అమావాస్య లాగే ఆ రోజూ ఆయన ఒక్కడే ఆఫీసుకి వచ్చి డిజైన్లకి బ్యాకప్ నకళ్ళు తీసి, తాళం వేసి వెళ్ళాడు.

మూడు వారాల తర్వాత మా నాన్న విజయవాడ నుంచి మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చి అన్నం వద్దన్నాడు. ఎంతడిగినా పలకలేదు. సాయంత్రం మగ్గం దగ్గర కూర్చుని, నేత మొదలుపెట్టకుండా అన్నాడు: “మా నాయన అంచు బట్టల కొట్టు ముందు బొమ్మకి కట్టారే అమ్మాయ్. మర మీద నేసింది. ముట్టుకుని చూశాను.” తర్వాత నావైపు చూసి అడిగాడు: “అది మీ ఆఫీసులో పెట్టిందే గదా?”

మా నాన్నదొక్కటే కాదు. మూసి ఉన్న ఫోల్డరులోవి అన్నీ పోయాయి. వారం తిరక్కుండా నేతగాళ్ళు ఆఫీసు ముందు బైఠాయించారు. విచారణ పెట్టారు. ఐదుగురు పెద్దలు, పైన హాల్లో. బయటి కంపెనీ మనిషినొకణ్ణి పిలిపించి సర్వర్‌లో ఎవరేం చేశారో రాసుండే చిట్టా అచ్చు తీయించారు. అమావాస్య నాడు పొద్దున పదకొండుకి ‘రూట్’ ఆ ఫోల్డరు తెరిచి మొత్తం బయటికి పంపింది. ఎక్కడినుంచి వచ్చారో చెప్పే వరుసలు తుడిచేసి ఉన్నాయి.

“రూట్ అంటే ఎవరయ్యా?” ప్రెసిడెంటు గారు అడిగాడు.

“నేనేనండీ. కానీ ఆ టైముకి ఆ పేరుతో తెరిచింది నేను కాదండీ.”

“ఆ రోజు ఆఫీసుకొచ్చింది?”

“నేనేనండీ.”

“అమావాస్య నాడు నేనొక్కణ్ణే వచ్చి ఆపుతానని కాగితం పెట్టింది?”

“నేనేనండీ.”

నేను టైపు చేసిన ఉత్తరం ఆ బల్ల మీద ఉంది. కాపాడ్డానికి రాసిన కాగితం తిరగేసి ఉరి కాగితం చేశారు. ఆయన గొంతు మాత్రం పెరగలేదు. “నా మాట నమ్మొద్దండి. సర్వర్ ఇంకా ఆపలేదు గదా, ఆ బొక్క ఇంకా అట్టాగే ఉంది. మామూలు లాగినొకటివ్వండి, మీ కళ్ళముందే రూట్ అయి చూపిస్తాను,” అన్నాడు.

“దొంగ చేతికి మళ్ళీ తాళాలిమ్మంటావా?” అని పెద్దల్లో ఒకాయన అన్నాడు. పుస్తకం ముందుకి జరిపితే ప్రెసిడెంటు గారు నాలుగు పేజీలు తిరగేసి తోసేశాడు. “పెన్సిల్ రాత. ఇంట్లో కూర్చుని ఎన్నయినా రాసుకోవచ్చు.”

అప్పుడు నన్ను పిలిచారు.

“ఏమ్మాయ్, రూట్ పాస్‌వర్డు ఈయనకి గాక ఇంకెవరికన్నా తెలుసా?”

“ఇంకెవరికీ తెలియదండీ,” అన్నాను.

అది నిజం. అంతకన్నా పెద్ద అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. ఆ పాస్‌వర్డు అక్కర్లేదని, అది లేకుండానే ఆ ఫోల్డరు తెరుచుకోవడం నేను నా కళ్ళతో చూశానని, నా లాగిన్‌తోనే చూశానని చెప్పాలి. నా లాగిన్‌తో, అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేతింటి పిల్ల, తన లాగిన్, తన తండ్రి అంచు. ఎవరికి అమ్మావని అడుగుతారు. మా నాన్న బయట నిలబడి ఉన్నాడు.

ఆయన నావైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత తల గోడవైపు తిప్పేసుకున్నాడు. నేను పాస్‌వర్డు కొడుతున్నప్పుడు తిప్పుకున్నట్టే.

కాగితం రాశారు, నేను సంతకం పెట్టాను. ఆయన తన టిఫిను క్యారియరు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి, రెయిలింగుని ఎప్పటిలాగే ఊపి చూసి దిగి వెళ్ళిపోయాడు.

సర్వర్ తర్వాత నెలకే ఆగింది. ఎవరూ ఆపలేదు. వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలింది, బ్యాటరీలు చచ్చిపోయాయి. పక్కా ఆషాఢమాసం. పసుపు లేదు, నిమ్మకాయ లేదు, కొత్తగా వచ్చిన మనిషి చూయింగ్ గమ్ నములుతూ స్విచ్చి నొక్కాడు. నేను గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలు నిండకముందే అన్నీ తెరుచుకున్నాయి. ఒక్క దారం తెగలేదు. ఆ మధ్యాహ్నం నాకు వచ్చిన కోపానికి బల్ల మీదున్న గ్లాసు విసిరి కొట్టాను. చెయ్యి జారిందని చెప్పాను. అక్కడా అబద్ధమే.

ఏడాది తిరిగాక అసలు దొంగ దొరికాడు. మా దగ్గర మూడు నెలలు తాత్కాలికంగా చేసి మానేసిన డిజైనరు. మానేసినా వాడి లాగిన్ తీసెయ్యమని పై నుంచి ఎవరూ ఈయనకి చెప్పలేదు. ఇంకో ఊళ్ళో ఇదే పని చేస్తూ పట్టుబడి, పోలీసులకి మా సంగతీ చెప్పేశాడు: ఇంటి దగ్గరే కూర్చుని తన పాత మామూలు లాగిన్‌తో లోపలికొచ్చి, ఆ బొరియలోంచే రూట్ అయ్యానని, సెలవైతే ఎవరూ చూడరని అమావాస్య ఎంచుకున్నానని. ఆ కబురు విని ప్రెసిడెంటు గారు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, “అయిందేదో అయింది. ఇప్పుడు తవ్వుకుంటే సంఘం పరువే పోద్ది,” అన్నాడు. అందరూ తలలూపారు. పరువట! మనిషి పరువు మెట్లు దిగి వెళ్ళిపోతే తలుపు కూడా వెయ్యనివాళ్ళకి సంఘం పరువు గుర్తొచ్చింది. అప్పుడైనా నేను ఉయ్యూరు బస్సెక్కి ఉండాల్సింది. ఈయన అక్కడేదో స్కూల్లో కంప్యూటర్లు చూస్తున్నాడని, మా కాగితం సంగతి తెలిసి వాళ్ళూ వద్దన్నారని విన్నాను. ఎక్కలేదు. సిగ్గేసింది. సిగ్గు పిరికివాళ్ళకి భలే అక్కరకొస్తుంది.

మొన్న గుండెపోటుతో పోయాడు. సంతాప సభ పెట్టారు, అదే హాల్లో. ఆయన భార్యని ముందు వరసలో కూర్చోబెట్టారు. తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుందావిడ. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, “నిజాయితీకి మారుపేరు” అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఇక్కడ కాలింది ఒకరి చేతులు, ఆకులు పట్టుకుంది ఇంకొకరు. తర్వాత, “మన అమ్మాయి ఆయనతో కలిసి పనిచేసింది, రెండు మాటలు చెబుతుంది,” అని నాకు మైకిచ్చాడు.

“ఆ రోజు మీరడిగినదానికి జవాబు చెప్పాను,” అన్నాను. “అడగంది ఇవాళ చెబుతాను. సార్ నా లాగిన్‌తోనే ఆ లోపం నాకు చూపించారు. నా కళ్ళముందు చూపించారు. మీకు తెలియకముందే నాకు తెలుసు ఆయన దొంగ కాదని. మీక్కూడా తెలిసి అయిదేళ్ళయింది.”

“ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ,” ప్రెసిడెంటు గారు మెల్లిగా అన్నాడు. “పోయినాయన ఆత్మకి శాంతి...”

“ఆత్మ సంగతి తర్వాతండీ. ఆ కాగితం ఇంకా మీ బీరువాలో ఉంది. అది తెప్పించండి, నా సంతకం కొట్టేస్తాను, మీరు మీది కొట్టెయ్యండి.”

ముందు వరసలోంచి ఆవిడ లేచింది. సంచిలోంచి ఆ పొడుగాటి పుస్తకం తీసింది.

“ఇది సంఘానిదంటమ్మా. ఇచ్చెయ్యమని చెప్పి పోయారు,” అంది.

నేను అందుకున్నాను. ఆ రోజు పేజీ తీశాను. తేదీ ఉంది, టైము ఉంది, ‘మామూలు యూజర్ లాగిన్‌తో పరీక్షించాను, రూట్ వచ్చింది’ అని ఉంది. పక్కన నా లాగిన్ పేరు రాసుండాలి. అక్కడ కాగితం తెల్లగా, పలచగా అరిగిపోయి ఉంది. వెలుతురుకి పెట్టి చూస్తే కింద నా పేరు గాట్లు కనిపిస్తున్నాయి. పుస్తకమంతా తిరగేశాను. తప్పులన్నిటి మీదా గీతలున్నాయి. చెరిపింది అదొక్కచోటే.

“విచారణకి ముందు రోజు రబ్బరుందా అని నన్ను అడిగారమ్మా,” ఆవిడ అంది. “ఆయన పెన్సిలుకే ఉండిద్ది గదా, అది గట్టిపడిపోయి పనిచెయ్యలేదంట. ఆయన రబ్బరడగడం నేనెప్పుడూ వినలా. ఎందుకండీ అంటే, ఆ పిల్లకి నాన్నున్నాడు, అన్నారు. నాకు అర్థం కాలా.”

ఆయన దగ్గర ఒక సాక్షి ఉంది. ఒకే ఒక్క సాక్షి. ఆ సాక్షిని తనే ముందు రోజు చెరిపేసుకుని ఆ హాల్లోకి వచ్చాడు. నేనేమో ఆ గోడవైపు తిరిగిన తలని చూసి, నన్ను అసహ్యించుకున్నాడనుకుని ఆరేళ్ళు బతికాను. నా మీద నాకున్న కోపం అప్పటిదాకా ఒక ఎత్తు, అప్పుడు వచ్చింది ఒక ఎత్తు.

బల్ల మీద సంతాప సందేశాలు రాయడానికి పెట్టిన పెన్ను తీసుకున్నాను. తెల్లబడిన ఆ చోట నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. చెయ్యి చెమట పట్టి ఉండడంతో చివరి అక్షరం కాస్త అలికింది. పుస్తకం తీసుకెళ్ళి ప్రెసిడెంటు గారి ముందు పెట్టాను.

“నా మాట నమ్మొద్దండి,” అన్నాను. “మీరే చదివి చూడండి.”